ఇనుము కోసం వేసిన దారిలో అరకు

విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే రైలులో కూర్చున్నవారు చిమిడిపల్లి స్టేషన్‌ను అక్కడ ఆగిన నిమిషాల వల్లే గుర్తుపెట్టుకుంటారు. ఒకవైపు కొండ చరియ, రెండోవైపు లోయ, చుట్టూ అడవి; ఊరనదగినది కనుచూపు మేరలో ఉండదు. అయినా అక్కడ ఒక స్టేషన్ ఉంది, లూప్ లైను ఉంది, సిగ్నళ్లు ఉన్నాయి. ప్రయాణికుల బండి పక్క లైనులోకి వెళ్లి నిలబడుతుంది. కాసేపటికి పైనుంచి ఒకటికి మించిన ఇంజన్లతో, వ్యాగన్ల నిండా ఎర్రటి ఖనిజంతో గూడ్సు బండి ఒకటి బ్రేకులు కీచుమంటుండగా దిగి వెళుతుంది. అది వెళ్లాకే ప్రయాణికుల బండికి పచ్చ దీపం పడుతుంది. ఊరు లేనిచోట స్టేషన్ ఎందుకు కట్టారో, మనుషుల బండి సరుకు బండికి ఎందుకు దారి ఇస్తుందో తెలిస్తే అరకు అనే చిన్న కొండ ఊరి రైలు చరిత్రలో సగం తెలిసినట్టే.

కె.కె. లైను అని విశాఖ ప్రాంతంలో అందరూ పిలిచే కొత్తవలస–కిరండూల్ మార్గం అరకు కోసం వేసినది కాదు. అనంతగిరి కోసమూ కాదు, బొర్రా గుహల కోసమూ కాదు. నేటి ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో ఉన్న బైలాడిల కొండల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుంచి ఓడల్లో జపాన్‌కు చేర్చడానికి వేశారు. మధ్యలో అరకు తగిలింది. ఊరి రూపురేఖలు, దాని బతుకుతెరువు, నేటికీ దానికి తీరని కొన్ని ఇబ్బందులు ఈ ఒక్క విషయం నుంచే పుట్టుకొచ్చాయి.

రైలు రాకముందు ఈ కొండలు పూర్తిగా బయటి లోకానికి తెలియనివేమీ కావు. అరకు, పాడువా, కోరాపుట్ ప్రాంతాలన్నీ ఒకప్పుడు నేటి ఒడిశాలోని జయపురం కేంద్రంగా నడిచిన జమీందారీలో ఉండేవి; ఆంగ్లేయుల కాలంలో అవి విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో భాగం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు కోరాపుట్ అటు వెళ్లింది, అరకు ఇటు మిగిలింది. నేడు రైలు అరకు దాటి పాడువా చేరేలోపు ప్రయాణికుడు రాష్ట్ర సరిహద్దు దాటుతాడు గానీ, అక్కడి జనానికి ఆ గీత చాలా కొత్తది. గదబ, పోర్జ, కొటియా, కొండదొర, ఖోండు, బగత, వాల్మీకి కుటుంబాల చుట్టరికాలు రెండువైపులా అల్లుకుని ఉన్నాయి. సంతలో ఒకే మనిషి నోట తెలుగు, ఆదివాసీ ఒడియా ఒకదాని వెంట ఒకటి వినిపిస్తాయి. ఇంతగా కలిసిపోయిన ప్రాంతానికి కూడా రైలు 1960ల దాకా రాలేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే 1931లో విజయనగరం–రాయపూర్ మార్గాన్ని పూర్తి చేసినప్పుడు అది పార్వతీపురం, రాయగడ మీదుగా, కాస్త తేలికైన కనుమల్లోంచి వెళ్లింది. 1933లో విశాఖ రేవు తెరుచుకున్నప్పుడు మధ్య భారతపు సరుకు ఆ దారినే సముద్రం చేరింది. అనంతగిరి ఘాట్‌లో పట్టాలు వేయాలంటే పెట్టాల్సిన ఖర్చుకు తగిన సరుకు అప్పట్లో ఎవరి దగ్గరా లేదు.

ఆ సరుకు బస్తర్‌లో దొరికింది. బైలాడిల అంటే ఎద్దు మూపురం. దూరం నుంచి ఆ కొండల వరుస అలాగే కనిపిస్తుంది. అక్కడ ఇనుము ఉందన్న సంగతి ఆంగ్లేయుల కాలపు భూగర్భ శాస్త్రవేత్తలకు తెలుసు. 1930లలో క్రూక్‌షాంక్ ఆ నిక్షేపాలను పటం మీదికి ఎక్కించి వాటికి వరుస సంఖ్యలు ఇచ్చాడు. ఇప్పటికీ 14వ నిక్షేపం, 5వ నిక్షేపం అనే వాడుకే గనుల్లో నడుస్తోంది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత జపాన్ ఉక్కు పరిశ్రమ మళ్లీ లేచి నిలబడుతున్న రోజుల్లో నాణ్యమైన ఖనిజం కోసం వెతుకుతూ ఇటు చూసింది. 1960లో కుదిరిన ఒప్పందం ప్రకారం బైలాడిల నుంచి ఏటా 40 లక్షల టన్నులు, ఝార్ఖండ్–ఒడిశా సరిహద్దులోని కిరిబురు గనుల నుంచి మరో 20 లక్షల టన్నులు జపాన్‌కు పంపాలి. 1958లోనే ఏర్పడిన జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థకు గనుల పని అప్పగించారు. రైలు మార్గాల పనికి దండకారణ్య–బొలంగీర్–కిరిబురు పథకం అని పేరు పెట్టారు. పాత రైల్వే ఉద్యోగులు నేటికీ దాన్ని డి.బి.కె. అనే అంటారు. ఆ పథకంలోని మూడు మార్గాల్లో కొత్తవలస నుంచి బైలాడిలకు వెళ్లేది అన్నిటికన్నా పొడవైనది, దాదాపు 446 కిలోమీటర్లు. జపాన్ ఆర్థిక సాయం తోడై, 1966–67 నాటికి ఈ దారిలో బండ్లు నడిచాయి. బైలాడిల 14వ నిక్షేపంలో యంత్రాలతో తవ్వకం 1968లో మొదలైంది. గని, దారి, రేవు ఒకే గడియారం ప్రకారం సిద్ధమయ్యాయి. అరకు లోయలోని ఏ గూడెం అవసరమూ ఆ లెక్కలోకి రాలేదు.

దారి వేసిన తీరు చూస్తే ఈ మాట ఇంకా స్పష్టమవుతుంది. బరువైన సరుకు బండి నిటారుగా ఎక్కలేదు, నిటారుగా దిగనూ లేదు. ఈ ఘాట్‌లో వాలుకు పెట్టుకున్న హద్దు అరవైకి ఒకటి, అంటే 60 మీటర్లు ముందుకు పోతే ఒక్క మీటరు ఎత్తు. మైదానంలోని బొడ్డవర వైపు నుంచి దారి శిఖరంలో ఉన్న శిమిలిగూడ వరకు సుమారు 900 మీటర్లు ఎక్కాలి. ఎక్కడా చదును లేకుండా ఎక్కినా కనీసం 54 కిలోమీటర్ల పట్టాలు కావాలి. కొండకు ఇటు నుంచి అటు కాకి ఎగిరే దూరం అందులో సగం కూడా ఉండదు. మిగిలిన పొడవంతా కొండల చుట్టూ తిరిగి సంపాదించుకోవాల్సిందే. అందుకే రైలు ఒక లోయలోకి దూరి, దాని చివరిదాకా పోయి, వంతెన మీద అవతలి గట్టుకు దాటి, మళ్లీ వెనక్కి వచ్చినట్టుగా పైకి వెళుతుంది. కిటికీలోంచి చూస్తే కాసేపటి క్రితం దాటిన పట్టాలే కింద లోయలో కనిపిస్తాయి. తిరగడానికి చోటు లేనిచోట కొండను తొలిచారు. మొత్తం మార్గంలో 58 సొరంగాలు, 84 పెద్ద వంతెనలు ఉన్నాయి. చిన్న వంతెనలు వెయ్యికి పైనే.

తొలవడం కూడా సులువైన రాయిలో కాదు. తూర్పు కనుమల్లోని ప్రధానమైన శిలకు ఖోండలైట్ అని పేరు. ఈ కొండల్లో ఉండే ఖోండుల పేరు మీదనే శాస్త్రజ్ఞులు దానికి ఆ పేరు పెట్టారు. లోపల గట్టిగానే ఉండే ఆ రాయి వానకు, ఎండకు, గాలికి ఏళ్ల తరబడి మాగి పైపొరల్లో ఎర్రమట్టిగా మారిపోతుంది. రాతిగోడ అనుకున్నది నాలుగు వానలకు చరియగా జారుతుంది. బొర్రా దగ్గర పరిస్థితి మరొక రకం. అక్కడిది సున్నపురాయి, నీరు దాన్ని కరిగించి పెద్ద గుహలను తయారుచేసింది, ఆ నీరే గోస్తని నదికి మూలం. రైలు ఆ గుహల పైనున్న కొండ మీదుగా వెళుతుంది. గుహ లోపల నిలబడి పైకి చూసే యాత్రికుడికి ఆ సంగతి ఎవరైనా చెబితే తప్ప తెలియదు.

ఖనిజం పైనుంచి కిందికి వస్తుంది కాబట్టి ఇంజన్ల పని తేలిక అని చాలామంది అనుకుంటారు. నిజానికి నిండు బండి ముందు ఎక్కాలి, ఆ తరువాతే దిగాలి. బస్తర్, జయపురం పీఠభూమి కన్నా కోరాపుట్ ఎత్తులో ఉంది, కోరాపుట్ కన్నా శిమిలిగూడ ఎత్తులో ఉంది. జయపురం దాటాక వేల టన్నుల బరువుతో ఘాట్ ఎక్కిన బండి శిమిలిగూడ దగ్గర శిఖరం దాటి, అక్కడి నుంచి కొత్తవలస మైదానం దాకా ఆ బరువునంతా అదుపులో పెట్టుకుంటూ దిగాలి. ఎక్కేటప్పుడు ఇంజను బలం చాలకపోతే బండి ఆగుతుంది, అంతే. దిగేటప్పుడు బ్రేకు పట్టు తప్పితే ఆపే దిక్కు ఉండదు. అందుకే ఈ దారిలో స్టేషన్ల దగ్గర క్యాచ్ సైడింగులు కట్టారు. అదుపు తప్పిన బండిని ప్రధాన లైను మీది నుంచి తప్పించి, ఎదురు ఎత్తులోకి మళ్లించి ఆపే పక్కదారులు అవి. చక్రాలను బ్రేకు దిమ్మలతో ఒత్తిపెట్టడం ఒక్కటే చాలదు, గంటల తరబడి ఒత్తితే అవి కాలిపోతాయి. ఇంజను మోటార్లనే జనరేటర్లుగా తిప్పి వేగం తగ్గించే పద్ధతి కావాలి. ఈ మార్గాన్ని 1980ల తొలి ఏళ్లలో విద్యుదీకరించాక, 1987–88లో స్వీడన్ నుంచి, జపాన్ నుంచి తెప్పించిన వ్యాగ్–6 తరగతి ఇంజన్లు విశాఖ షెడ్డులో ఉండి ఈ ఘాట్‌లో పనిచేశాయి. మన దేశంలో కొత్త తరం విద్యుత్ ఇంజన్లను పరీక్షించడానికి ఇంతకంటే కఠినమైన చోటు మరొకటి ఉండదన్న నమ్మకం ఆ ఎంపికలో కనిపిస్తుంది.

ఇప్పుడు చిమిడిపల్లి ప్రశ్నకు తిరిగి రావచ్చు. కె.కె. లైను ఒంటి లైనుగా వేశారు. ఒంటి లైను మీద ఎదురెదురుగా వచ్చే బండ్లు తప్పుకోవాలంటే కొన్ని కిలోమీటర్లకు ఒకచోట లూపు ఉండాలి. ఘాట్ అంతటా అలాంటి చోట్లను కొండ ఎక్కడ చదును ఇస్తే అక్కడ, బండ్ల రాకపోకల లెక్క ఎంత దూరం అడిగితే అంత దూరంలో ఎంచుకున్నారు. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగూడ అన్న వరుస ఆ లెక్కలోంచి వచ్చింది. సమీపంలోని గూడేల పేర్లు తీసుకుని స్టేషన్లకు పెట్టారు. బొర్రాకు గుహల వల్ల యాత్రికులు వచ్చారు. మిగతావి చాలావరకు సిగ్నళ్లు, నాలుగు క్వార్టర్లు, ఒక చేతిపంపు ఉన్న నిశ్శబ్దపు చోట్లుగానే మిగిలాయి. శిమిలిగూడకు మాత్రం ఒక గౌరవం దక్కింది. సముద్ర మట్టానికి 996.32 మీటర్ల ఎత్తున ఉన్న ఆ స్టేషన్ దేశంలోని బ్రాడ్ గేజ్ స్టేషన్లన్నిటికన్నా ఎత్తయినదని అక్కడి బోర్డు నలభై ఏళ్లపాటు చెప్పుకుంది. 2008 తరువాత కాశ్మీర్ లోయలో రైలు నడవడంతో ఆ స్థానం పోయింది గానీ, ఇప్పటికీ బోర్డు పక్కన నిలబడి ఫొటో తీయించుకోని యాత్రికులు తక్కువే.

అరకు ఈ వరుసలో భిన్నమైనది. శిఖరం దాటాక దారి ఒక విశాలమైన లోయలోకి దిగుతుంది. 900 మీటర్ల ఎత్తున చదునైన నేల, చుట్టూ కొండల దడి. స్టేషన్‌కు, క్వార్టర్లకు, గోదాములకు కావలసిన చోటు అక్కడ దొరికింది. పైగా విశాఖ నుంచి అనంతగిరి మీదుగా వచ్చే ఘాట్ రోడ్డు కూడా ఆ లోయకే చేరుతుంది. రోడ్డు, రైలు కలిసినచోట ప్రభుత్వ కార్యాలయాలు, ఆసుపత్రి, బడి, బ్యాంకు, సంత ఒకదాని పక్కన ఒకటి వచ్చి చేరాయి. రైల్వే ఉద్యోగులతో పాటు మైదానం నుంచి చిన్న వ్యాపారులూ వచ్చారు. ఘాట్‌లో ఊరుగా ఎదిగింది అరకు ఒక్కటే. ఆ ఎదుగుదలలో రైలు పాత్ర ఎంత, రోడ్డు పాత్ర ఎంత అని విడదీసి చూస్తే, రోడ్డుదే పెద్ద వాటా అని ఒప్పుకోక తప్పదు. రోజుకు ఒకటి రెండు ప్రయాణికుల బండ్లు మాత్రమే నడిచే మార్గం ఒక ఊరి రోజువారీ అవసరాలు తీర్చలేదు. పేరు మాత్రం రైలు వల్లే దూరం పోయింది.

ఊరు పెరిగినా అది సాధారణ రైల్వే పట్టణంలా విస్తరించలేదు, దానికి కారణం చట్టం. అరకు షెడ్యూల్డు ప్రాంతం. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనను 1970లో సవరించి, ఆదివాసేతరులు ఇక్కడ భూమి కొనడాన్ని పూర్తిగా నిషేధించారు. 1970 నాటి ఒకటో నంబరు నిబంధన కాబట్టి, ఏజెన్సీలో చదువు రానివారికి కూడా తెలిసిన అంకె ‘ఒకటి బై డెబ్బై’. రైలు వచ్చిన మూడు నాలుగేళ్లకే ఆ చట్టం బలపడటం అరకు అదృష్టం. లేకపోతే స్టేషన్ చుట్టూ భూములు ఎవరి చేతుల్లోకి వెళ్లేవో ఊహించడం కష్టం కాదు. చట్టాన్ని దాటే దొడ్డిదారులు లేవని కాదు. బినామీ పేర్లతో నడిచే వ్యాపారాల గురించి అక్కడ అందరూ మాట్లాడుకుంటారు. అయినా నేల హక్కు కాగితం మీద ఆదివాసీ పేరునే ఉండాలన్న నియమం చాలా నష్టాన్ని ఆపింది. అదే నేల, అదే రైలు స్టేషన్ దగ్గరి బొర్రా గ్రామాల నుంచే దేశమంతా చెప్పుకునే తీర్పు ఒకటి వచ్చింది. అనంతగిరి మండలంలోని బొర్రా ప్రాంతంలో కాల్సైట్ వంటి ఖనిజాల కోసం ప్రైవేటు వ్యక్తులకు ఇచ్చిన లీజుల మీద సమత అనే సంస్థ న్యాయస్థానానికి వెళ్లింది. 1997 జూలైలో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గనుల కోసం ఆదివాసేతరులకు లీజుకు ఇవ్వకూడదని తేల్చింది. గని కోసం పుట్టిన రైలు మార్గం పక్కనే గనులకు హద్దు గీసిన తీర్పు పుట్టడం ఈ ప్రాంత చరిత్రలో మరువకూడని ఘట్టం.

కాఫీ గురించి ఒక అపోహ తొలగించాలి. అరకు కాఫీ రైలు వల్ల ఎదిగిందని తరచు రాస్తుంటారు. ఈ కొండల్లో కాఫీ మొక్కలు రైలు కన్నా ముందే ఉన్నాయి. తోటలను పెద్దఎత్తున పెంచింది మాత్రం అటవీ శాఖ, తరువాత అటవీ అభివృద్ధి సంస్థ, పాడేరులోని సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), కాఫీ బోర్డు. పోడు మీద ఆధారపడిన కుటుంబాలకు ఎకరా రెండెకరాల తోటలు ఇచ్చి, సిల్వర్ ఓక్ చెట్ల నీడన మొక్క పెంచి, ఆ చెట్లకే మిరియాల తీగ పాకించే పద్ధతిని వ్యాప్తి చేశారు. 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గింజలు లారీల్లో ఘాట్ రోడ్డు దిగుతాయి. పక్కనే వెళ్లే గూడ్సు బండికీ వాటికీ సంబంధం లేదు.

రైలు నిజంగా ఊరికి తెచ్చింది యాత్రికులను. ఉదయం విశాఖలో బయలుదేరే కిరండూల్ ప్యాసింజరు సుమారు 130 కిలోమీటర్ల దూరానికి నాలుగు గంటలు తీసుకుంటుంది. ఆ నెమ్మదే దాని ఆకర్షణ. 2017 ఏప్రిల్‌లో అద్దాల బోగీ తగిలించాక సీట్లు దొరకడం కష్టమైంది. వాన వెలిశాక అక్టోబరు నుంచి జనవరి వరకు జనం పోటెత్తుతారు. కార్తీకం దాటితే లోయలో వలిసె పూలు విచ్చుకుని పొలాలన్నీ పసుపుపచ్చగా మారతాయి. నూనె గింజ కోసం వేసిన ఆ పంటలో ఫొటోలు దిగేవారి వల్ల మొక్కలు తొక్కుడు పడుతుండటంతో, కొందరు రైతులు గట్టు మీద తాడు కట్టి మనిషికి ఇంతని తీసుకుంటున్నారు. పంట నష్టానికి అది న్యాయమైన వెల.

ఈ దారిని నిలబెట్టేది మాత్రం యాత్రికుడికి కనిపించని శ్రమ. వానాకాలం రాత్రి ఘాట్‌లో ఒక సెక్షన్ గస్తీ తిరిగే ట్రాక్‌మన్‌ను ఊహించుకుంటే చాలు: తలమీద గొంగడి లేదా రెయిన్‌కోటు, ఒక చేతిలో లాంతరు, భుజాన సంచిలో ఎర్ర జెండా, పట్టాల మీద పెడితే చక్రం కింద పేలి డ్రైవరును హెచ్చరించే పటాసు బిళ్లలు. అతను పట్టాల వైపు చూసినంతగానే కొండ వైపూ చూడాలి. కాలువలో నీరు ఉన్నట్టుండి ఎర్రబడినా, రాళ్లు చిన్నగా రాలుతున్న చప్పుడు వినిపించినా, పైన చరియ కదులుతోందని అర్థం. అప్పుడు పరుగెత్తి పటాసు బిళ్లలు పెట్టి, ఎర్రదీపం చూపించి బండిని ఆపాలి. చిమిడిపల్లి, బొర్రా గుహల మధ్య చరియలు విరిగిపడి దారి మూసుకుపోవడం దాదాపు ప్రతి పెద్ద వానలోనూ జరిగే పనే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు కొండల మీద కాఫీకి నీడనిచ్చే చెట్లు వేలాదిగా కూలాయి. ఇలాంటి ప్రతిసారీ మొదట రద్దయ్యేది ప్రయాణికుల బండి, మొదట నడిచేది గూడ్సు. అవతలి చివరన దంతెవాడ అడవుల్లో మావోయిస్టులు పట్టాలు తొలగించిన రోజుల్లో కూడా ప్రయాణికుల బండిని దంతెవాడలోనే ఆపేసేవారు. ఖనిజం ఆగితే నష్టం కోట్లలో ఉంటుంది, అది నిజమే. కానీ ఆసుపత్రికి కోరాపుట్‌కో, విశాఖకో వెళ్లాల్సిన గూడెపు మనిషి నష్టాన్ని ఏ లెక్కల పుస్తకమూ రాసుకోలేదు.

ఊరి మీద అధికారం ఎవరిదన్న ప్రశ్న కూడా మారుతూ వచ్చింది. 2022 ఏప్రిల్ 4న అరకు విశాఖపట్నం జిల్లా నుంచి విడిపోయి, పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. రైలు మార్గం 2003 దాకా ఆగ్నేయ రైల్వేలో, ఆ తరువాత తూర్పు కోస్తా రైల్వేలో, ఎప్పుడూ వాల్తేరు డివిజన్ కిందే ఉండేది. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్ ఏర్పాటులో భాగంగా 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నిర్ణయం ప్రకారం, కొత్తవలస నుంచి కిరండూల్‌కు ముందున్న బచేలి వరకు ఉన్న మార్గం రాయగడ కేంద్రంగా తూర్పు కోస్తా రైల్వేలో ఏర్పడే కొత్త డివిజన్‌కు వెళుతుంది. విశాఖ వాసులకు ఇది మింగుడు పడలేదు. అరకు, బొర్రా, శిమిలిగూడ ఆంధ్రలోనే ఉన్నప్పుడు వాటి స్టేషన్లు మరో జోన్ కింద ఉండటమేమిటన్న ఆవేదన సహజమైనది. అయితే గీత గీసినవారు చూసింది ఊళ్లను కాదు, సరుకు ఆదాయాన్ని. 1960లో చూసిందీ దాన్నే.

జపాన్ కోసం మొదలైన ఖనిజం ప్రవాహం ఇప్పుడు చాలావరకు దేశం లోపలే ఖర్చవుతోంది. సొంత గనులు లేని విశాఖ ఉక్కు కర్మాగారానికి బైలాడిల ఖనిజమే ప్రాణాధారం. 1976లో పెద్ద ఓడల కోసం కట్టిన ఔటర్ హార్బరుకూ ఆ సరుకు వెళుతూనే ఉంది. ఒంటి లైను చాలక కొత్తవలస నుంచి కోరాపుట్ వరకు సుమారు 189 కిలోమీటర్ల మేర రెండో లైను పని నడుస్తోంది. మళ్లీ కొండలను తొలుస్తున్నారు, మళ్లీ లోయల్లో స్తంభాలు లేస్తున్నాయి. అది పూర్తయితే ఎదురు బండి కోసం ఘాట్ స్టేషన్లలో నిలబడాల్సిన అవసరం చాలావరకు తప్పుతుంది, ప్రయాణికుల బండ్లకూ దారి దొరుకుతుంది.

ఆ నిరీక్షణ మీద బతికేవారూ ఉన్నారు. ప్రయాణికుల బండి లూపులో ఆగగానే చుట్టుపక్కల గూడేల ఆడవాళ్లు బుట్టలతో కిటికీల దగ్గరికి వస్తారు. అడ్డాకుల్లో పేర్చిన సీతాఫలాలు, కాలాన్ని బట్టి పనస తొనలు, ఉడికించిన వేరుశనగ కాయలు, అరటిపళ్లు. గూడ్సు ఎంత ఆలస్యమైతే బేరం అంత బాగా సాగుతుంది. పైనుంచి హారన్ వినిపించగానే చిల్లర లెక్క తొందరవుతుంది. రెండో లైను వచ్చాక బండి అక్కడ నిమిషం కూడా ఆగకుండా వెళ్లిపోతే, ఆ బుట్టలు అరకు స్టేషన్ దాకా నడిచి రావాలి. అక్కడ వాటికి ఒక షెడ్డు, కూర్చోవడానికి చోటు, అమ్ముకోవడానికి అనుమతి ఇవ్వాలన్న మాట రెండో లైను పనులు ముగిసేలోపే ఎవరో ఒకరు కాగితం మీద పెట్టాలి.